తొడిమతో కోసిన కాయ

వేసవిలో దామలచెరువు మండీల దారి పట్టామంటే ముందు వాసన తగులుతుంది, ఆ తరువాతే కాయలు కనబడతాయి. ట్రాక్టరు నుంచి దించిన బేనీషా మామిడి కుప్పలోంచి ఒక కాయ తీసి తిప్పి చూడండి. తొడిమ ఊడిన చోటి నుంచి కిందికి కాటుక చెదిరినట్టు ఒక నల్లటి చార జారి ఉంటుంది. అది సొన కాలిన మచ్చ. లోపలి కండకు ఏమీ కాదు, తీపికి లోటు ఉండదు. కానీ కొనేవాడి కన్ను ముందు ఆ చార మీదే పడుతుంది, ధరలో కోత అక్కడే మొదలవుతుంది.

తోటలో తాత మనవడిని కసురుకునేదీ దీని గురించే. "ఏమిరా అబ్బోడా, కాయంతా సొన చేసి పెట్టినావు! మండీలో దీన్ని ఎవురు అడుగుతారురా?" మనవడి చేతిలో చిక్కం ఉంటుంది. పొడవాటి వెదురు గడ, కొసన ఇనుప వలయం, వలయానికి అల్లిన వల. కాయను వలలోకి తీసుకుని గడ గుంజితే తొడిమ మొదట్లో తెగుతుంది. తెగిన క్షణాన సొన చిమ్ముతుంది.

ఎందుకు చిమ్ముతుంది? కాయకూ తొడిమకూ నడుమ సహజంగా విడిపోయే అతుకు ఒకటి ఉంది. సొన నాళాలు ఒత్తిడితో నిండి ఉంటాయి కాబట్టి ఆ అతుకు దగ్గర తెగగానే సొన ఒక్కసారిగా బయటికొస్తుంది. దానిలోని నూనె భాగంలో టెర్పీన్లనే ఘాటు రసాయనాలు ఉంటాయి. అవి తొక్క మీది సన్నని రంధ్రాల గుండా దిగి కణాలను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణాల్లోని ఫినాల్ పదార్థాలు ఎంజైముల చలవతో గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లబడతాయి. కోసి పెట్టిన వంకాయ ముక్క నల్లబడేదీ ఈ రకంగానే. కాయను కాస్త తొడిమ ఉంచి కోస్తే అతుకు కదలదు, సొన చిమ్మదు.

మనవడికి ఒక పూట తోచిందనుకుందాం. "చిక్కానికే చిన్న కత్తి ఉండి, తొడిమ ఉంచి కోస్తే?" పాలిటెక్నిక్ చదువుతున్న పిల్లోడు, వెల్డింగు షాపులో స్నేహితుడు ఉన్నాడు. ఆ సాయంత్రానికే బొమ్మ గీశాడు. రాత్రికి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేయబోయాడు. ఆ వేలు ఒక్క క్షణం ఆగితే బాగుండు. ఎందుకు ఆగాలో, ఆగి ఏం చేయాలో చెప్పుకుందాం.

ఎవరి బాధ ఇది?

బొమ్మ గీయకముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ బాధ ఎవరిది, అది పోతే డబ్బు పెట్టేవాడెవడు?

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఎక్కువగా పండేది తోతాపురి. అందులో అధిక భాగం గుజ్జు ఫ్యాక్టరీలకు టన్నుల లెక్కన పోతుంది. తొక్క తీసి పారేసే కాయకు మచ్చ ఉంటే ఏమి, లేకపోతే ఏమి? తోతాపురి రైతు దగ్గరికి ఈ కొత్త చిక్కం తీసుకుపోతే "బాగుందప్పా" అని మెచ్చుకుని పంపిస్తాడు, పైసా తీయడు. అదే బేనీషాను పెట్టెల్లో సర్ది దూరపు ఊళ్ళకు పంపే రైతుకు తొక్కే అందం, తొక్కే ధర. రెండూ మామిడే, చిక్కం ఒకటే, బాధలు మాత్రం వేర్వేరు. ఈ తేడా తెలియాలంటే నాలుగు తోటలు తిరగాలి, కోత కూలీలతో మాట్లాడాలి. గడ ఎంత బరువైతే మధ్యాహ్నానికి భుజం పట్టేస్తుందో, కొమ్మల సందులో కత్తి ఎక్కడ ఇరుక్కుంటుందో వాళ్ళే చెప్పగలరు. అలా అడిగేటప్పుడు బాధ గురించి ఎంతైనా అడగవచ్చు. తన దగ్గరున్న పరిష్కారం మాత్రం విప్పకూడదు.

ఈసీ తీసినట్టు

స్థలం కొనేముందు ఈసీ తీస్తాం. ఆ స్థలం ఇంతకుముందు ఎవరి పేరున ఉంది, దాని మీద ఏ లావాదేవీలు జరిగాయి అని చూసుకుంటాం. కొత్త పరికరం సంగతీ అంతే. చట్టం దీన్ని పూర్వ పరిజ్ఞానం అంటుంది. ప్రపంచంలో ఏ మూలైనా, ఏ భాషలోనైనా, దరఖాస్తు తేదీకి ముందు అచ్చయినా వాడుకలో ఉన్నా అది కొత్తది కాదు.

మన కుర్రాడు వెతకడం మొదలుపెడితే మొదటి గంటలోనే గుండె జారుతుంది. మహారాష్ట్రలో దాపోలీ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు కత్తి, వల కలిపిన నూతన్ అనే మామిడి కోత పరికరాన్ని ఎప్పుడో చేశారు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కూడా ఈ పని మీద కృషి చేసింది. పేటెంట్ల భాండాగారాల్లో ఇలాంటివి ఇంకా దొరుకుతాయి. భారత పేటెంటు కార్యాలయం ఇన్‌పాస్ పేరుతో పెట్టిన వెతుకులాట సైటు, గూగుల్ పేటెంట్స్ రెండూ ఉచితమే.

దిగులు పడాల్సిన పని లేదు. పాత పేటెంట్లు చదవడమంటే మనకంటే ముందు అదే బాధతో కుస్తీ పట్టినవాళ్ళ నోటు పుస్తకాలు చదవడమే. వాళ్ళ పరికరాల్లో ఏ లోటు మిగిలిందో అక్కడే మన చోటు ఉంటుంది. కత్తి తొడిమను ఒకసారి పొడుగ్గా, ఒకసారి మొదలంటా కోసేస్తోందా? అయితే కాయ వలలో కూర్చున్నాక దాని బరువుతోనే ఒక మీట కదిలి, తొడిమను పట్టుకుని, ప్రతిసారీ ఒకే పొడవు ఉంచి కోసే ఏర్పాటు ఊహించుకోండి. "కత్తి ఉన్న చిక్కం" పాతది. "కాయ బరువుతో నడిచి తొడిమను కొలిచి కోసే మీట" కొత్తది కావచ్చు.

భారత పేటెంటు చట్టం 1970 నాటిది. పేటెంటు కావాలంటే మూడు గీటురాళ్ళు దాటాలి. ఒకటి, కొత్తదై ఉండాలి. రెండు, ఆ పనిలో ఆరితేరినవాడికి సులువుగా తట్టేది కాకూడదు. మూడు, పరిశ్రమలో తయారు చేయడానికో వాడడానికో పనికిరావాలి. చాలామంది బోల్తా పడేది రెండో దాని దగ్గర. తెలిసిన రెండు వస్తువులను పక్కపక్కన బిగించి, దేని పని అది చేసుకుపోతుంటే చట్టం దాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోదు. రెండూ కలిసినందువల్ల కొత్త ఫలితం రావాలి.

పూర్వ పరిజ్ఞానం ఎంత బలమైనదో పసుపు కథ చెబుతుంది. గాయాలు మానడానికి పసుపు వాడడం మీద 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేరున పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలనూ, వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసాన్నీ సాక్ష్యంగా పెట్టి సవాలు చేసింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. జేజి వంటింటి డబ్బాలోని చిటికెడు పసుపు అంత బలమైన సాక్షి, అది కాగితం మీద ఉన్నందువల్ల.

ఏడేళ్ళ ఆసు

ఆలోచన వస్తువుగా మారడానికి ఎంత కాలం పడుతుందో తెలియాలంటే కాస్త ఉత్తరానికి, తెలంగాణలోని ఆలేరు దగ్గర శారాజీపేటకు వెళ్ళాలి. చింతకింది మల్లేశం ఊరు అది. పోచంపల్లి చీర నేయడానికి ముందు ఆసు పోయడమనే పని ఉంది. ఒక పక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల వరుస. నూలును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ ఒక్కో మేకుకు చుట్టాలి. ఒక చీరకు దాదాపు 9 వేల సార్లు చేయి చాచాలి. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. ఆ పని చేసే తల్లి లక్ష్మి "భుజం పోతోంది నాయనా" అన్న మాటే మల్లేశానికి ప్రశ్నాపత్రం అయింది.

ఆరో తరగతితో బడి ఆగిపోయిన మనిషి 1992లో పని మొదలుపెట్టారు. ఇంజినీరింగు పుస్తకం దారి చూపలేదు కాబట్టి అమ్మ చేతినే చదువుకున్నారు. చేయి ముందుకు పోవడం, వెనక్కి రావడం, మేకు మీదుగా దారం లేవడం, కిందికి దిగడం, పక్క మేకుకు జరగడం. ఒక్కో కదలికకు ఒక్కో భాగం చేస్తూ పోయారు. అప్పులయ్యాయి, ఊళ్ళో ఎగతాళి పెరిగింది, హైదరాబాదు వెళ్ళి కరెంటు పనులు చేసుకోవాల్సి వచ్చింది. చివరి చిక్కుముడి విడిపోయింది కూడా అక్కడే. బాలానగర్‌లో పనికి వెళ్ళిన చోట ఒక యంత్రం కదిలే తీరు కంటపడితే, తనకు కావలసిన కదలిక అందులో దొరికింది. 1999లో యంత్రం పూర్తయింది, దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. ఆ తరువాత పల్లె సృజన సంస్థ, జాతీయ ఇన్నొవేషన్ ఫౌండేషన్ ఆయనకు అండగా నిలిచాయి, యంత్రానికి పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

ఈ కథను పట్టుదల పాఠంగా చెప్పడం మామూలే. కొత్త ఆవిష్కర్త దీంట్లోంచి ఎత్తుకోవాల్సిన మెళకువ మరొకటి ఉంది. పెద్ద సమస్యను చిన్న కదలికలుగా విడగొట్టడం. చిక్కం కుర్రాడు కూడా మొదటి రోజే అల్యూమినియం గడ కొననక్కర్లేదు. కాయ బరువుకు మీట కదులుతుందా అన్నది తేల్చడానికి సైకిలు బ్రేకు తీగ, పాత స్ప్రింగు, ఇంట్లోని గరిట చాలు. వంద కాయలు కోసి ఎన్నిటికి తొడిమ నిలిచిందో, ఎన్నిటికి సొన కారిందో లెక్క రాసుకోవాలి. ఈ అంకెలే రేపు దరఖాస్తుకు ప్రాణం పోస్తాయి.

ఆ లెక్క రాసే పుస్తకం కుట్టిన పుస్తకమై ఉండాలి. పేజీలకు వరుస సంఖ్యలు, ప్రతి ప్రయోగానికి తేదీ, కొట్టివేతలు కనబడేలా ఒకే గీత, సంగతి అర్థమయ్యే నమ్మకస్తుడి సాక్షి సంతకం. అయితే ఒక అపోహ తొలగించుకోవాలి. ఆలోచనను కాగితం మీద రాసి తన పేరుకే రిజిస్టర్ పోస్టు చేసుకుంటే హక్కు వచ్చేస్తుందని కొందరు నమ్ముతారు. రాదు. మన చట్టంలో తేదీ పలికేది ముందు దరఖాస్తు చేసినవాడికే. పుస్తకం దరఖాస్తు రాసుకోవడానికి, నిజమైన ఆవిష్కర్త ఎవరన్న తగాదా వస్తే సాక్ష్యానికి పనికొస్తుంది.

నోరు జారితే

ఇప్పుడు ఆ వాట్సాప్ స్టేటస్ దగ్గరికి వద్దాం. పేటెంటుకు మొదటి శత్రువు దొంగ కాదు, ఆవిష్కర్త నోరే. దరఖాస్తుకు ముందు యూట్యూబులో పెట్టిన వీడియో, కాలేజీ టెక్ ఫెస్టులో స్టాలు, విలేకరికి ఇచ్చిన ఇంటర్వ్యూ, సంతలో అమ్మిన మొదటి పది నగాలు. ఇవన్నీ తన ఆవిష్కరణకు తానే పూర్వ పరిజ్ఞానం తయారు చేసుకోవడమే. మన చట్టంలో కొన్ని మినహాయింపులు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనలో చూపినా, విద్వత్సభలో పత్రం చదివినా 12 నెలల్లోగా దరఖాస్తు చేసుకునే వీలుంది. బహిరంగంగా తప్ప పరీక్షించలేని వస్తువును సహేతుకమైన పరీక్ష కోసం నలుగురి ముందు నడిపిస్తే ఏడాది గడువు ఉంది. కానీ ఇవి ఇరుకు సందులు. వాటిని నమ్ముకుని నడవడం కంటే ముందు దరఖాస్తు వేసి రాచబాటన పోవడం మేలు.

వెల్డింగు షాపు స్నేహితుడికైనా చెప్పక తప్పదు కదా? చెప్పండి. చెప్పే ముందు అర పేజీ గోప్యతా ఒప్పందం మీద సంతకం తీసుకోండి. దీనికి మొహమాటం అడ్డొస్తుంది. "మామా, నామీద నమ్మకం లేదా?" అంటాడు. నమ్మకం ఉన్నప్పుడే రాసుకోవాలి, చెడ్డాక రాసుకునేది కోర్టు కాగితం. ఇంకో తేడా కూడా అప్పుడే తేల్చుకోవాలి. డబ్బు పెట్టినవాడు, గీసిన బొమ్మ ప్రకారం వెల్డింగు చేసినవాడు ఆవిష్కర్తలు కారు. మీట ఎలా కదలాలో బుర్ర పెట్టి తేల్చినవాడే ఆవిష్కర్త. ఇద్దరూ కలిసి పేటెంటు తీసుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే ఎవరికి వారు వాడుకోవచ్చు గానీ, ఒకరి సమ్మతి లేకుండా మరొకరు దాన్ని ఇతరులకు లైసెన్సు ఇవ్వలేరు. కాలేజీ ప్రయోగశాలలో చేసిన పనైతే ఆ కాలేజీ మేధాసంపత్తి నిబంధనలు ముందే చదువుకోవాలి.

1,600 రూపాయల తేదీ

పూర్తి పేటెంటు దరఖాస్తు రాయడం కష్టమైన పని. అందుకే చట్టం ప్రొవిజనల్ దరఖాస్తు అనే తలుపు పెట్టింది. అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నట్టు అనుకోండి. ఆవిష్కరణ ఏమిటో వివరిస్తూ ఇది వేసిన రోజే మీ తేదీ ఖాయమవుతుంది. 12 నెలల్లోగా పూర్తి వివరాల దరఖాస్తు వేయాలి, లేదంటే ఆ తేదీ చేజారుతుంది. మామూలు వ్యక్తికి ఆన్‌లైన్‌లో రుసుము 1,600 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌ వాసుల దరఖాస్తులు చేరేది చెన్నై గిండీలోని పేటెంటు కార్యాలయానికి. తిరుపతి నుంచి రైలెక్కితే మధ్యాహ్నానికి చేరే దూరమే అయినా, వెళ్ళాల్సిన అవసరం లేదు, అంతా ఆన్‌లైనే.

ఒక జాగ్రత్త. ప్రొవిజనల్ అన్నారు కదా అని రెండు వాక్యాలు రాసి పడేస్తే ఆ రెండు వాక్యాలకే తేదీ దక్కుతుంది. "కాయ బరువుతో కదిలే మీట" అన్నది అందులో లేకపోతే, రేపు దాన్ని చేర్చినా పాత తేదీ దానికి వర్తించదు. బొమ్మలు, కొలతలు, ఇంకో రకంగా చేయగల పద్ధతులు, వంద కాయల లెక్క అన్నీ పెట్టాలి.

పూర్తి దరఖాస్తుకు గుండెకాయ క్లెయిములు. ఇంటి పత్రంలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని చెక్కుబందీ రాస్తారే, అదే ఇది. హద్దు వెడల్పుగా గీస్తే పాత పరికరం ఏదో దాని లోపలికి వచ్చి పేటెంటు అధికారి కొట్టేస్తారు. "స్టీలు మీట, 14 సెంటీమీటర్ల వలయం" అని ఇరుకుగా గీస్తే పక్క ఊరివాడు ప్లాస్టిక్ మీటతో, 15 సెంటీమీటర్ల వలయంతో దర్జాగా అమ్ముకుంటాడు. అందుకే ఈ ఒక్క భాగానికి పేటెంటు ఏజెంటు సాయం తీసుకోవడం దండగ ఖర్చు కాదు.

ఆపై దారి ఇలా ఉంటుంది. దరఖాస్తు మామూలుగా 18 నెలలకు అచ్చవుతుంది. పరీక్షించమని విడిగా, మొదటి తేదీ నుంచి 31 నెలల్లోగా అడగాలి. వ్యక్తులకు రుసుము 4,000 రూపాయలు. ఈ గడువు 2024 సవరణకు ముందు 48 నెలలుండేది కాబట్టి పాత పుస్తకాలు చూసి పొరబడకండి. దరఖాస్తుదారుల్లో మహిళ ఉంటే వేగంగా పరీక్షించమని కోరే అవకాశమూ ఉంది. పేటెంటు వస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళు, అదీ మూడో ఏడాది నుంచి ఏటా రుసుము కడుతూ పోతేనే. అది భారతదేశంలోనే చెల్లుతుంది. విదేశాల్లో కావాలంటే మొదటి తేదీ నుంచి 12 నెలల్లోగా అక్కడికీ దరఖాస్తు కదలాలి.

అన్నిటికీ ఒకే కంచె కాదు

ప్రతి ఆలోచనకూ పేటెంటే మందు అనుకోవడం ఇంకో పొరపాటు. తిరుపతి చుట్టుపక్కల ఒక రోజు తిరిగితే ఎన్ని రకాల కంచెలున్నాయో కనబడుతుంది.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఇంటి వసారాలో ఒక కుండ మూత తీస్తే పుల్లటి వాసన కొడుతుంది. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్ళు కలిపి రోజుల తరబడి నానబెట్టిన కషాయం అది. బెల్లం పులిసి ఆమ్లమై ఇనుమును కరిగిస్తుంది. కరక్కాయ రసం, గేదె పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద వెదురు కలంతో ఆ ద్రవాన్ని తాకిస్తే, కరక్కాయలోని టానిన్లతో ఇనుము కలిసి గీత కళ్ళ ముందే నల్లబడుతుంది. పాలలోని కొవ్వు రంగును పక్కలకు పాకనివ్వదు. ఇంత చక్కటి రసాయన శాస్త్రానికి ఎవరూ పేటెంటు తీసుకోలేరు. సంప్రదాయ జ్ఞానాన్ని చట్టం పేటెంటు పరిధిలోంచి తప్పించింది. దానికి దొరికిన కంచె భౌగోళిక గుర్తింపు. ఒక మనిషికి కాదు, ఆ ఊరి పనివారందరికీ కలిపి ఇచ్చే హక్కు అది. వెంకటగిరి చీరకూ అదే ఉంది. తిరుపతి లడ్డుకు 2009లో వచ్చింది. శనగపిండి, చక్కెర, నెయ్యి కలిపి ఎవరైనా లడ్డు చుట్టవచ్చు. ఆ పేరు పెట్టి అమ్మకూడదంతే. పేటెంటు 20 ఏళ్ళకు ముగుస్తుంది, ఈ గుర్తింపును పదేళ్ళకోసారి పునరుద్ధరించుకుంటూ పోవచ్చు.

చిక్కం పిడి ఆకారం చూడముచ్చటగా ఉంటే దానికి డిజైను రిజిస్ట్రేషను ఉంది, పదేళ్ళు, ఆపై మరో ఐదేళ్ళు. పేరుకు, గుర్తుకు ట్రేడ్‌మార్కు. అంటు కట్టే కొత్త పద్ధతి కనిపెట్టిన రైతుకు పేటెంటు రాదు, సేద్యపు పద్ధతులకు చట్టం అది ఇవ్వదు. కొత్త మామిడి రకాన్నే తయారు చేస్తే 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం కింద రైతు తన పేరున నమోదు చేసుకోవచ్చు. కంప్యూటర్ ప్రోగ్రాముకు దాని మటుకు దానికే పేటెంటు ఉండదు, కాపీరైటు ఉంటుంది.

అసలు కంచే వేయకపోవడమూ ఒక మార్గమే. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి మాటను గుర్తించే కంప్యూటర్ల మీద పరిశోధించి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పరిశోధకుడికి అచ్చయిన పత్రమే పేరు తెస్తుంది. అందరికీ చెప్పేయాలా, కాపాడుకోవాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. తేల్చుకోకముందే చెప్పేయడం మాత్రం నిర్ణయం అనిపించుకోదు.

తలుపు తట్టడానికి దూరం పోనక్కర్లేదు. ఏర్పేడు దగ్గర 2015లో మొదలైన ఐఐటీ తిరుపతికి నవావిష్కార్ ఐ-హబ్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రారంభించిన రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్‌కు తిరుపతిలోనూ కేంద్రం ఉంది. చదువు లేని ఆవిష్కర్తలకు జాతీయ ఇన్నొవేషన్ ఫౌండేషన్ పేటెంటు దాఖలులో సాయపడుతుంది. నమోదైన స్టార్టప్‌లకు ఏజెంటు రుసుమును కేంద్రమే భరించే పథకం ఉంది. జిల్లా పరిశ్రమల కేంద్రంలో పెట్టుబడి రాయితీల సంగతి అడగవచ్చు. ఈ గడపల్లో ఎక్కడికి వెళ్ళినా చంకలో ఆ కుట్టిన పుస్తకం ఉంటే సంభాషణ తీరే మారిపోతుంది.

మళ్ళీ తోటలోకి

తాతకు పేటెంటు చట్టం తెలియదు. కాయ ఎప్పుడు కోయాలో తెలుసు. కొత్తగా కోతకు వచ్చినవాడికి అనుమానం వస్తే బకెట్టు నీళ్ళలో నాలుగు కాయలు వేసి చూపిస్తాడు. మునిగింది ముదిరింది, తేలింది ఇంకా లేతది. లేత కాయను కోసుకొచ్చి గడ్డిలో ఎన్ని రోజులు మాగేసినా పండదు, తోలు ముడతలు పడుతుంది. నడిచే నమూనా లేకుండా, వంద కాయల లెక్క లేకుండా తొందరపడి వేసిన దరఖాస్తు అలాంటిదే. ముదిరిన కాయనైనా తొడిమ లేకుండా గుంజితే సొన పాలవుతుంది. దరఖాస్తు తేదీ లేకుండా లోకానికి చూపించిన ఆలోచన అలాంటిది.

కుర్రాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. సంతలో కుట్టిన నోటు పుస్తకం ఒకటి కొన్నాడు. మొదటి పేజీలో తేదీ వేసి, "బేనీషా, పది కాయలు, తొడిమ నిలిచినవి మూడు" అని రాశాడు. తాత తొంగి చూసి అన్నాడు. "మూడేనా? ఆ మీట ఇంకొంచెం వదులు చెయ్యి నాయనా."

సాక్షి సంతకానికి మనిషి దొరికినట్టే.